డాక్ కొనే ముందు పోర్టు సంగతి చూడండి

ఫస్టియర్ సెకండ్ సెమ్‌లో నేను చేసిన ఏడు వేల రూపాయల తప్పు గురించి ఈ వ్యాసం. మీలో ఎవరైనా ఉబుంటు, ఫెడోరా లాంటివి వాడుతూ ల్యాప్‌టాప్‌కి డాక్ కొందామనుకుంటుంటే, ముందు ఇది చదవండి, తర్వాత ఆర్డర్ పెట్టండి.

హాస్టల్ గదిలో రెండు మానిటర్లు పెట్టుకుని కోడ్ రాయాలని నా కోరిక. ఒక మానిటర్ సీనియర్ అన్న వెళ్తూ వెళ్తూ తక్కువకి ఇచ్చాడు, ఇంకోటి ఇంట్లో పాతది. డాక్ ఉంటే ఒక్క కేబుల్‌తో మానిటర్లు, కీబోర్డ్, నెట్, ఛార్జింగ్ అన్నీ అయిపోతాయి కదా అని, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో కొన్నాను. డాక్‌ది యూఎస్‌బీ-సీ, నా ల్యాప్‌టాప్‌కీ యూఎస్‌బీ-సీ ఉంది. ఇంకేం చూడాలి అనుకున్నా.

తగిలించాను. కీబోర్డ్ పనిచేసింది, నెట్ వచ్చింది. మానిటర్లు మాత్రం చీకటి. "లినక్స్ పెట్టుకుంటే అంతేరా" అన్నాడు రూమ్మేట్. నేనూ నమ్మేశాను. కర్నెల్ మార్చాను, ఉబుంటు రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఈలోగా రిటర్న్ గడువు దాటిపోయింది. చివరికి డ్యూయల్ బూట్‌లో ఉన్న విండోస్‌లోకి వెళ్లి చూస్తే అక్కడా అదే చీకటి! రూమ్మేట్ ల్యాప్‌టాప్‌ని నా ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అదే డాక్ పెడితే రెండు మానిటర్లూ వెలిగాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇన్ని రోజులూ లినక్స్‌ని తిట్టుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ-సీ పోర్టుకి డేటా పంపడం వచ్చు, వీడియో పంపడం రాదు. అంతే సంగతి.

ఆకారం ఒకటే, పని వేరు

యూఎస్‌బీ-సీ అనేది కనెక్టర్ ఆకారం పేరు మాత్రమే. దాంట్లోంచి వీడియో ఎలా వెళ్తుందో దాన్నిబట్టి డాకులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్ తయారుచేసిన సిగ్నలే నేరుగా కేబుల్‌లోకి వెళ్తుంది. డాక్ దాన్ని మానిటర్లకి పంచుతుందంతే. కర్నెల్ దృష్టిలో అది మామూలు మానిటరే, వేరే డ్రైవర్ అక్కర్లేదు. లినక్స్ వాడేవాళ్లకి తలనొప్పి తక్కువ ఉండేది దీంతోనే. కానీ ల్యాప్‌టాప్ పోర్టుకి ఈ మోడ్ ఉండాలి. నాకు లేనిది ఇదే.

రెండోది, థండర్‌బోల్ట్. థండర్‌బోల్ట్ 3, 4 రెండిటికీ వేగం 40 జీబీపీఎస్. దీని సపోర్ట్ కూడా కర్నెల్‌లోనే ఉంది. మొదటిసారి తగిలించినప్పుడు పర్మిషన్ ఇవ్వాల్సి రావొచ్చు, ఆ పని బోల్ట్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ధర మాత్రం ఎక్కువ.

మూడోది, డిస్‌ప్లేలింక్. పేరు మొదటిదానిలాగే ఉంది కానీ పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ ల్యాప్‌టాప్ తెర మీది బొమ్మని కంప్రెస్ చేసి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపిస్తే, డాక్‌లోని చిప్ దాన్ని మళ్లీ విప్పి మానిటర్‌కి ఇస్తుంది. కాబట్టి నా లాంటి డేటా పోర్టుతో కూడా పనిచేస్తుంది. కానీ డ్రైవర్ తప్పనిసరి. అందులో ఈవీడీఐ అనే కర్నెల్ మాడ్యూల్ ఓపెన్ సోర్సే. దానితో కలిసి నడిచే ప్రోగ్రామ్ మాత్రం కాదు. పైగా ఆ మాడ్యూల్ కర్నెల్‌తో పాటు రాదు, కర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ దాన్ని మళ్లీ బిల్డ్ చెయ్యాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కి డిజిటల్ సంతకం కూడా కావాలి. ఈ పనులకి ఓపిక ఉంటే కొనండి. ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు రాత్రి మాత్రం అప్‌డేట్ కొట్టకండి.

ఒక చిన్న లెక్క

యూఎస్‌బీ-సీ కేబుల్‌ని నాలుగు వరసల రోడ్డు అనుకోండి. మామూలు ఆల్ట్ మోడ్ డాక్‌లో తరచుగా రెండు వరసలు వీడియోకి, రెండు యూఎస్‌బీ డేటాకి పోతాయి. పోర్టు డిస్‌ప్లేపోర్ట్ 1.2 స్థాయిదైతే వీడియో వరసకి 5.4 జీబీపీఎస్. ఎన్‌కోడింగ్ పోగా రెండు వరసలకి కలిపి మిగిలేది 8.64.

ఇప్పుడు గుణించండి. 1920 × 1080 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు: దాదాపు 3 జీబీపీఎస్. అలాంటివి రెండు హాయిగా పడతాయి. అదే 4కే మానిటర్ 60 హెర్ట్జ్‌లో అయితే దాదాపు 12. పట్టదు! అందుకే 30 హెర్ట్జ్‌కి దిగుతుంది, మౌస్ కదిలిస్తేనే తేడా తెలిసిపోతుంది. డాక్ వివరాల్లో "4కే" అని చూసి ఆగిపోకుండా, పక్కన ఎన్ని హెర్ట్జో కూడా చదవండి.

కొనే ముందు చూడాల్సినవి

1. మీ ల్యాప్‌టాప్ మోడల్ స్పెసిఫికేషన్‌లో యూఎస్‌బీ-సీ ఎదురుగా డిస్‌ప్లేపోర్ట్ అనో థండర్‌బోల్ట్ అనో ఉందా? ఏదీ లేకుండా ఉత్త యూఎస్‌బీ అని ఉంటే అనుమానించండి.
2. డాక్ వీడియో ఏ పద్ధతిలో పంపుతుంది? డ్రైవర్ ఇన్‌స్టాల్ చెయ్యమంటే అది చాలావరకు మూడో రకమే.
3. మీ ఛార్జర్ ఎన్ని వాట్లు? డాక్ ల్యాప్‌టాప్‌కి ఇచ్చే వాట్లు దానికి సరిపోవాలి. డాక్ తన కోసం కొంత పవర్ ఉంచుకుంటుంది.
4. డాక్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లినక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీతో అవుతుందా, విండోస్ ప్రోగ్రామ్ కావాలా?
5. డాక్ వచ్చిన రోజే అన్నీ తగిలించి చూడండి. పనిచెయ్యకపోతే ఒక్కోసారి ఒక్కటే మార్చండి: కేబుల్, తర్వాత ఓఎస్, తర్వాత ల్యాప్‌టాప్. నేను మూడో రోజు చెయ్యాల్సిన ఈ పని పదిహేనో రోజు చేశాను.

చివరికి ఆ డాక్‌ని రూమ్మేట్‌కే ఐదు వేలకి అమ్మేశాను. ఇప్పుడు నా మానిటర్ ఒకటి ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఉంది, కీబోర్డ్‌కీ మౌస్‌కీ ఒక చిన్న హబ్ ఉంది. నా అవసరానికి ఇది చాలు. రెండో మానిటర్ వాడి టేబుల్ మీద, నా పాత డాక్ పక్కన, వెలుగుతూనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా రెండు వేలు గుర్తొస్తాయి. మీకు ఆ రెండు వేలు మిగిలితే చాలు.