రాత్రి డ్యూటీ – నర్సు అలసట

శివరాత్రి జాగారం ఏడాదికి ఒక్కరోజు. పరీక్షల ముందు మన హాస్టళ్లలో జరిగే నైటవుట్లు మహా అయితే పది. కాని ఆస్పత్రి నర్సుకు జాగారం జీతంతో పాటు నెలనెలా వచ్చేదే. "పగలు పడుకుంటారుగా, ఇంకేం?" అనేవారు చాలామంది. చిక్కంతా అక్కడే ఉంది.

మన మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఒక గడియారం వంటిది ఉంది. వెలుతురును అనుసరించి అది నిద్రనూ, మెలకువనూ, ఒంటి వేడినీ నడుపుతుంది. జీవకణాల్లో ఈ గడియారం పనిచేసే తీరును కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. వారు పరిశోధించింది పండ్ల ఈగల మీద!

తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గి, చురుకుదనం అట్టడుగుకు చేరుతుంది. సరిగ్గా ఆ వేళలోనే నర్సు మందు మోతాదు లెక్కగట్టాలి, సెలైన్ చుక్కలు చూడాలి. 17 గంటలు ఏకధాటిగా మేలుకొన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపారు. తాగి వచ్చిన వారిని ఏ వార్డులోకీ రానివ్వరు. నిద్రలేని సిస్టర్‌ను మాత్రం "ఈ ఒక్క షిఫ్టూ చూసిపొండి" అని బతిమాలతారు.

ఇక పగటి నిద్ర సంగతి. ఇల్లు చేరేసరికి ఎండ ముఖాన కొడుతుంది. గడియారం మేలుకోమంటుంది, దేహం పడుకోమంటుంది. ఈలోగా కుక్కర్ ఈల, పిల్లల బడి, వీధిలో కూరగాయల కేక. అందుచేత పగటి నిద్ర రాత్రి నిద్రకంటే కురచగా, ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ఆ లోటు మర్నాటికి బాకీ పడుతుంది. వరుసగా నాలుగైదు రాత్రులు చేస్తే బాకీ పెరగడమే గాని తీరదు.

మన ఆస్పత్రులు చాలావాటిలో ఉదయం 6 గంటలు, మధ్యాహ్నం 6 గంటలు, రాత్రి 12 గంటల పద్ధతి ఉంది. అనగా, దేహం బలహీనంగా ఉండే వేళకే పొడవాటి షిఫ్టు! ఇదెక్కడి లెక్కో! పన్నెండున్నర గంటలు, అంతకు మించి పనిచేసిన నర్సుల్లో పొరపాట్లు జరిగే అవకాశం మూడు రెట్లని అమెరికాలో 2004లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది.

షిఫ్టులు మార్చే క్రమం కూడా ముఖ్యమే. మన లోపలి గడియారం 24 గంటలకంటే కాస్త నిదానంగా తిరుగుతుంది. కావున ఉదయం, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి అనే వరుస సులువు. వెనక్కి నడిపితే కష్టం. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య 12 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే సిఫారసు చేసింది. బస్సు ప్రయాణం, వంట, బట్టలు తీసేస్తే ఆ పన్నెండులో నిద్రకు మిగిలేదెంతో ఇంట్లో ఆడవాళ్లనడిగితే చెబుతారు.

రాత్రి మధ్యలో 20-30 నిమిషాల కునుకు మేలు చేస్తుంది. అంతకు మించితే లేచాక కాసేపు మత్తు వదలదు. అయితే ఆ అరగంట వార్డు చూడటానికి మరో నర్సుండాలి. ఒక్కరే ఉన్న వార్డులో కునుకు తీయమని ఏ పుస్తకమూ చెప్పలేదు.