ఎక్కడున్నా దైవభీతి
(ఊరు విడిచి చదువుకు వెళ్ళే యువతకు ఒక పాఠం)

ఇంటర్ ఫలితాలు వచ్చి, కౌన్సెలింగ్ ముగిసి, కాలేజీలో సీటు ఖాయమయ్యేసరికి వానాకాలం వచ్చేస్తుంది. శబరి ఒడ్డున ఉన్న చింతూరు లాంటి ఏజెన్సీ ఊళ్ళలో ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళల్లో పెట్టెలు సర్దుతుంటారు. ఒకరు భద్రాచలం వెళతారు. ఒకరు మారేడుమిల్లి ఘాట్ దిగి రాజమహేంద్రవరం చేరతారు. ఇంకొకరు విశాఖపట్నమో హైదరాబాదో వెళతారు. తల్లి పచ్చడి సీసా సర్దుతుంది. తండ్రి ఫీజు డబ్బు రెండుసార్లు లెక్కపెడతాడు. దుప్పటి, బకెట్టు, సర్టిఫికెట్లు అన్నీ గుర్తుకొస్తాయి. కాని ఆ బిడ్డ తనతో తీసుకువెళ్ళవలసిన అసలు సామగ్రి దైవభీతి. ప్రయాణ సామగ్రి అన్నిటిలో ఉత్తమమైనది దైవభీతేనని దివ్యఖుర్ఆన్ హజ్ యాత్రికులకు బోధించింది (2: 197).

సోదర సోదరీమణులారా!

ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో ఉన్నంతకాలం మన ధర్మనిష్ఠకు ఎన్నో ఊతలు ఉంటాయి. ఫజ్ర్‌కు అమ్మ లేపుతుంది. జుమాకు నాన్న వెంట తీసుకువెళతాడు. ముస్లిం ఇళ్ళు కొద్దిగానే ఉన్న ఊరిలో మనం ఎవరి బిడ్డలమో బజారులో అందరికీ తెలుసు. తప్పు చేస్తే సాయంత్రానికల్లా కబురు ఇంటికి చేరుతుంది. నగరంలో ఈ ఊతలేవీ ఉండవు. అక్కడ మనం నమాజ్ చేశామా అని అడిగేవారుండరు. రాత్రి ఏ వేళకు గదికి వచ్చామో చూసేవారుండరు. ఇన్నాళ్ళూ మనం చేసిన ఆరాధన అల్లాహ్ కోసమా, లేక అమ్మానాన్నల కోసమా అన్నది అప్పుడే తేలుతుంది. కాలేజీలో మొదటి పరీక్ష ఎప్పుడు జరిగినా, ఈ పరీక్ష మాత్రం హాస్టల్లో మొదటి రాత్రే మొదలవుతుంది.

ముఆజ్ (రజి)కు అందిన ఉపదేశం

దైవప్రవక్త (స) సహచరుల్లో హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) గొప్ప విద్వాంసులు. యువకుడిగా ఉండగానే ఆయన్ను దైవప్రవక్త (స) యమన్ దేశానికి పంపించారు. ముఆజ్ (రజి) వాహనంపై కూర్చొని ఉండగా, దైవప్రవక్త (స) ఆయన పక్కనే కాలినడకన నడుస్తూ హితబోధ చేశారు. ఈ సంవత్సరం తర్వాత బహుశా నీవు నన్ను కలుసుకోలేకపోవచ్చునని చెప్పారు. ముఆజ్ (రజి) దుఃఖం ఆపుకోలేక ఏడ్చేశారు. అప్పుడు దైవప్రవక్త (స) మదీనా వైపు ముఖం త్రిప్పి, దైవభీతిపరులే తనకు అందరికన్నా సన్నిహితులని, వారు ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే అని సెలవిచ్చారు (ముస్నద్ అహ్మద్).

ఎంత ఓదార్పు ఉంది ఈ మాటలో! సాన్నిహిత్యాన్ని కొలిచేది దూరం కాదు, దైవభీతి. మదీనాలో ఉండి కూడా కపటులు దూరమయ్యారు. యమన్‌లో ఉండి కూడా ముఆజ్ (రజి) దగ్గరగానే ఉన్నారు.

హజ్రత్ అబూ జర్ (రజి), హజ్రత్ ముఆజ్ (రజి)ల ఉల్లేఖనంగా తిర్మిజీలో మరో హదీసు ఉంది. అందులో మూడు ఉపదేశాలున్నాయి. ఎక్కడున్నా అల్లాహ్‌కు భయపడాలి. చెడు జరిగితే దాని వెంటనే ఒక మంచి చేయాలి, అది ఆ చెడును తుడిచివేస్తుంది. ప్రజలతో సత్ప్రవర్తనతో మెలగాలి. ఊరు విడిచి వెళ్ళే విద్యార్థికి ఈ మూడూ ఒక పూర్తి పాఠ్య ప్రణాళిక.

మొదటి ఉపదేశం: ఎక్కడున్నా అల్లాహ్ భయం

చింతూరు సంగతే చూడండి. 2014 వరకు అది ఖమ్మం జిల్లాలో ఉంది. రాష్ట్ర విభజనతో తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. ఊరు ఒక్క అడుగు కదలకుండానే చిరునామా మారిపోయింది. అలవాటుగా వెళ్ళివచ్చే పట్టణం కాలేజీ దరఖాస్తు మీద వేరే రాష్ట్రమైపోయింది. ప్రాపంచిక చిరునామాలు ఇలాంటివే. మారనిది ఒక్కటే, మనం ఏ జిల్లాలో ఉన్నా, ఏ రాష్ట్రంలో ఉన్నా అల్లాహ్ వీక్షణలోనే ఉన్నామన్న సత్యం.

దీనికి హజ్రత్ యూసుఫ్ (అలై) జీవితమే నిదర్శనం. ఆయన పరాయి దేశంలో, ఒంటరిగా, తండ్రికి ఎంతో దూరంగా ఉన్నారు. తనవాళ్ళెవరూ చూడరు. తలుపులు మూసి ఉన్నాయి. చెడుకు పిలిచిన స్త్రీ ఆ ఇంటి యజమానురాలు. అయినా ఆయన అల్లాహ్ శరణు కోరి తప్పుకున్నారు (12: 23). నేడు మూసిన తలుపు పని సెల్‌ఫోన్ చేస్తోంది. అశ్లీల దృశ్యాలైనా, బెట్టింగ్ యాప్‌లైనా దుప్పటి కిందికే వచ్చేస్తున్నాయి. జూదాన్ని ఖుర్ఆన్ మద్యంతో కలిపి షైతాన్ పనుల్లో చేర్చిందని (5: 90) మరచిపోరాదు. పేరు ఆట అయినంత మాత్రాన జూదం ధర్మసమ్మతం కాదు. తండ్రి కష్టార్జితం మన చేతిలో అమానతు. దానికి ఇంట్లోనూ, రేపు అల్లాహ్ సన్నిధిలోనూ లెక్క చెప్పాలి.

ఈ ఉపదేశాన్ని ఆచరణలో పెట్టడానికి కొన్ని సూచనలు:

1. నగరం చేరిన రోజే దగ్గరలోని మస్జిద్ ఎక్కడుందో తెలుసుకోండి. మదీనా చేరిన దైవప్రవక్త (స) తొలినాళ్ళలోనే మస్జిద్ నిర్మాణం చేపట్టారు. ఇమామ్ సాహెబ్‌కు సలాం చెప్పి పరిచయం చేసుకోండి. కొత్త ఊరిలో మనల్ని గుర్తుపట్టే ఒక పెద్దమనిషి ఉండటం ఎంతో మేలు.

2. ప్రయాణంలో నమాజ్ వదలకండి. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లు, అంతకు మించిన దూరానికి బయలుదేరినవారు ఊరి పొలిమేర దాటాక జుహ్ర్, అస్ర్, ఇషాల నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. చేరిన చోట 15 రోజులు లేక అంతకు ఎక్కువ ఉండే సంకల్పం ఉంటే అక్కడ పూర్తి నమాజే చేయాలి. కనుక హాస్టల్లో చేరిన విద్యార్థి తాను ప్రయాణీకుణ్ణని ఏడాదంతా నమాజ్ తగ్గించుకోరాదు. సెలవులకు సొంత ఊరు వచ్చినప్పుడు, రెండు రోజులకే వచ్చినా, పూర్తి నమాజే చేయాలి.

3. మెస్‌లో మాంసం హలాల్ అవునో కాదో తెలియకపోతే పప్పు, కూర, గుడ్డుతో సరిపెట్టుకోండి. అనుమానాస్పదమైన వాటికి దూరంగా ఉండటంలోనే ధర్మానికి రక్షణ ఉందని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం).

4. సోదరీమణులు తండ్రి, సోదరుడు వంటి మహ్రమ్ తోడుగా ప్రయాణించాలి. హాస్టల్ భద్రత ఎలా ఉందో పెద్దలు స్వయంగా చూసిన తర్వాతే చేర్పించాలి.

రెండవ ఉపదేశం: చెడు జరిగితే వెంటనే మంచి

మొదటి సంవత్సరంలో జారిపడని విద్యార్థులు తక్కువ. వారం రోజులు ఫజ్ర్ తప్పిపోతుంది. స్నేహితుల వెంట వెళ్ళకూడని చోటికి వెళ్ళడం జరుగుతుంది. అప్పుడు షైతాన్ రెండో వల విసురుతాడు. "ఇంత చేసి ఏ ముఖం పెట్టుకుని మస్జిద్‌కు వెళతావు?" అని గుసగుసలాడతాడు. మొదటి తప్పుకన్నా ఈ నిరాశే ప్రమాదకరం. ఒక వ్యక్తి తన వల్ల జరిగిన పాపానికి కుమిలిపోతూ దైవప్రవక్త (స) వద్దకు వచ్చినప్పుడు, నమాజ్‌ను స్థాపించమని, మంచిపనులు చెడును దూరం చేస్తాయని తెలిపే వాక్యం అవతరించింది (11: 114). ఇది తనకు మాత్రమేనా అని అతను అడిగితే, తన సమాజం వారందరికీ అని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). కనుక తప్పిపోయిన నమాజ్‌ను ఈ పూటే నెరవేర్చండి. తౌబా చేసుకోండి. సెమిస్టర్ ముగిశాక చూద్దామని వాయిదా వేయకండి.

ఇంటి బెంగ మాత్రం పాపం కాదు, బలహీన విశ్వాసమూ కాదు. మక్కా విడిచి మదీనా వచ్చిన తొలిరోజుల్లో హజ్రత్ అబూ బక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచం పట్టారు. బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డిని, నీటి తావులను తలచుకొని పరితపించారు. ఆ సంగతి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినప్పుడు దైవప్రవక్త (స) వారిని మందలించలేదు. మక్కాలాగే, అంతకన్నా ఎక్కువగా మదీనాను మాకు ప్రియమైనదిగా చేయమని, దాని కొలపాత్రల్లో శుభం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు (బుఖారీ). మక్కాలో మండుటెండలో చిత్రహింసలు అనుభవించిన బిలాల్ (రజి)కే సొంత ఊరి మీద బెంగ కలిగింది. ఇక పదిహేడేళ్ళ బిడ్డకు శబరి ఒడ్డు గుర్తొచ్చి కన్నీరు వస్తే సిగ్గుపడవలసింది ఏముంది? బెంగ కలిగినప్పుడు ఇంటికి ఫోన్ చేయండి, దుఆ చేయండి. ప్రయాణీకుని దుఆ స్వీకరించబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు (తిర్మిజీ).

మూడవ ఉపదేశం: ప్రజలతో సత్ప్రవర్తన

కొత్త ఊరిలో స్నేహితుణ్ణి ఎన్నుకోవడం సగం చదువు. మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవానితో, చెడు స్నేహితుణ్ణి కొలిమి తిత్తి ఊదేవానితో దైవప్రవక్త (స) పోల్చారు (బుఖారీ, ముస్లిం). మొదటివాడి దగ్గర కొనకపోయినా సువాసన దక్కుతుంది. రెండోవాడి దగ్గర బట్టలు కాలకపోయినా పొగవాసన తప్పదు.

ముస్లిమేతర సహపాఠీలతోనూ న్యాయంగా, దయగా మెలగాలి. చింతూరు ప్రాంతం నుంచి కోయ, కొండరెడ్డి యువతీయువకులు కూడా ఇవే హాస్టళ్ళకు వస్తారు. నగర విద్యార్థులు వారి యాసను, బట్టలను ఎగతాళి చేయడం ఉంది. ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని, వారే వీరికన్నా ఉత్తములు కావచ్చునని ఖుర్ఆన్ హెచ్చరించింది (49: 11). మన ఊరి బిడ్డను నలుగురూ నవ్వులపాలు చేస్తుంటే, మనల్ని వదిలేశారు కదా అని మనమూ నవ్వితే, ఆ రోజు మన నమాజ్ మనకు ఏమి నేర్పినట్లు? అతని పక్కన వెళ్ళి కూర్చోవడమే ఇస్లాం.

ర్యాగింగ్‌ను సహించవలసిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానిపై నిషేధ చట్టం వచ్చింది. 2009లో యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు చేసింది. ఫిర్యాదుకు 1800-180-5522 నంబరు ఉంది. రేపు సీనియర్లయ్యాక మీరూ ఆ దౌర్జన్యం చేయకండి.

అప్పుల విషయంలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను ఆదర్శంగా తీసుకోండి. ఆయన మదీనాకు వట్టి చేతులతో వచ్చారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, బజారు ఎక్కడుందో చూపమన్నారు (బుఖారీ). చేతికి అందినదల్లా తీసుకోకుండా ఉండటం కూడా ఆత్మగౌరవమే. లోన్ యాప్‌ల వడ్డీ ఉచ్చులో పడిన విద్యార్థి చదువూ, మనశ్శాంతీ రెండూ పోగొట్టుకుంటాడు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇమామ్ బుఖారీ (రహ్మలై) హిజ్రీ 194లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. పదహారేళ్ళ వయసులో తల్లి, అన్నలతో కలిసి హజ్‌కు వెళ్ళారు. హజ్ ముగిశాక వారు స్వదేశానికి తిరిగి వెళ్ళగా, ఆయన విద్య కోసం మక్కాలోనే ఉండిపోయారు. ఆ తల్లి ఆ రోజు బిడ్డను వదిలి వెళ్ళడానికి ఎంత గుండె నిబ్బరం చేసుకొని ఉంటుందో ఊహించండి.

మీరూ నిబ్బరంగా ఉండండి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు చింతూరు ప్రాంతానికి రాకపోకలు తెగిపోయాయి. అలాంటి రోజు మీరు బిడ్డ దగ్గరకు వెళ్ళలేరు, బిడ్డ మీ దగ్గరకు రాలేదు. దుఆకు మాత్రం వరద అడ్డు రాదు. సంతానం కోసం తల్లిదండ్రులు చేసే దుఆ రద్దు కాదు. ఫోన్ చేసినప్పుడు మార్కుల గురించే కాదు, తిన్నావా, నమాజ్ చేశావా అని ప్రేమగా అడగండి. తప్పు చెప్పుకుంటే కసరకండి. ఇంట్లో చెప్పుకోలేని బిడ్డ చెప్పుకోకూడని చోట చెప్పుకుంటుంది.

ఇంట్లో చర్చించుకోండి

* ఇంట్లో ఎవరూ గుర్తుచేయకపోతే నేను ఏ ఆరాధనలు మానకుండా చేస్తాను?
* నేను చదువుతున్న చదువు వల్ల నా ఊరికి ఏ మేలు జరగాలని సంకల్పించుకున్నాను?
* నా గదిలో ఉండేవారు నన్ను చూసి ఇస్లాం గురించి ఏమనుకుంటారు?

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! వారు ఎక్కడున్నా వారి ధర్మాన్ని, ప్రాణాన్ని, శీలాన్ని కాపాడి, క్షేమంగా ఇంటికి చేర్చుగాక! ఆమీన్.