నేలలో దాగిన ఉల్కల అన్వేషణ

ఆకాశమునుండి రాలిన రాయి నేలలో దిగబడినచో దానిని వెదకి తీయుట ఎట్లు? ఈ ప్రశ్న నేటిది కాదు. 1621వ సంవత్సరమున జలంధరు పరగణాలోని ఒక గ్రామమున ఉల్క పడిన వృత్తాంతమును జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రయందు వ్రాసియున్నాడు. భయంకరమగు చప్పుడుతో తూర్పుదిక్కునుండి ఒక వెలుగు వచ్చి నేలపై పడినదట. స్థానికాధికారియగు మహమ్మద్ సయీద్ పోయి చూడగా పది పన్నెండు గజముల మేర గడ్డిపోచయైన లేకుండ మాడియుండెను. త్రవ్వినకొలది వేడి హెచ్చెను. తుదకొక ఇనుపముద్ద బయటపడెను. 160 తులములు తూగిన ఆ ముద్ద సమ్మెటదెబ్బకు నిలువక పగిలిపోవుచుండగా, ఉస్తాద్ దావూద్ మూడుపాళ్ల మెరుపు ఇనుమునకు ఒకపాలు మామూలు ఇనుము కలిపి రెండు కత్తులు, ఒక బాకు, ఒక చాకు చేసెను. ఉల్కలు ఇంతటి వేడితో నేలను చేరవని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అది యట్లుండ, ఆనాడు చోటు చూపుటకు కన్నులార చూచిన ప్రజలును, మాడిన నేలయు కలవు. వేల ఏండ్లనాడు పడి, మీద పైరులు పెరిగిన ఉల్కకు సాక్షి యెవరు?

మేము సాహిత్యము బోధించువారమే గాని భౌతికశాస్త్రవేత్తలము కాము. అయినను ఈ విషయమున తెలిసికొన్నంత మేరకు విద్యార్థులకు చెప్పదలచితిమి.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున హావిలాండ్ అను చిన్న ఊరు కలదు. అచటి పొలములలో రాళ్లు అరుదు. 1885లో అచ్చటికి కాపురము వచ్చిన ఎలిజా కింబర్లీ అను రైతు ఇల్లాలు, నాగలికి తగులుచున్న నల్లని బరువు రాళ్లను ఏరి ప్రోగుచేసెను. ఇరుగుపొరుగువారు నవ్విరి. ఆమె మాత్రము అవి ఆకాశమునుండి వచ్చినవని నమ్మి, వచ్చి చూడుడని పండితులకు జాబులు వ్రాయుచునే యుండెను. 1890లో క్రేగిన్ అను ఆచార్యుడు వచ్చి చూచి ఆమె మాట నిజమని తేల్చెను. బ్రెన్‌హామ్ ఉల్కలని పేరొందినవి ఇవియే. ఇనుము, నికెలు కలిసిన లోహములో ఆలివిన్ అను ఆకుపచ్చ స్ఫటికములు పొదిగినట్లుండుట వీని లక్షణము.

నాగలికి అందని లోతున నున్నవానికి యంత్రము కావలసివచ్చినది. మెటల్ డిటెక్టరులో తీగచుట్ట యొకటి యుండును. దానిలో మారుచుండు విద్యుత్తును పంపినచో క్రిందనున్న లోహములో సుడివిద్యుత్తు పుట్టును. ఆ సుడివిద్యుత్తు కల్పించు అయస్కాంతక్షేత్రమును యంత్రము పసిగట్టి కూయును. స్టాక్‌వెల్ అను నతడు 1949లో ఇట్టి యంత్రముతోనే అచట సుమారు 450 కిలోల ఉల్కను కనుగొనెను. 2005లో స్టీవ్ ఆర్నాల్డ్ సుమారు 650 కిలోలది ఏడడుగుల లోతునుండి తీసెను. కాని ఈ యంత్రమునకు ఒక లోపము కలదు. లోహమున్నదని చెప్పునేగాని అది యేమి లోహమో స్పష్టముగా చెప్పలేదు. విరిగిన నాగటికర్రు, గుఱ్ఱపు లాడము, ముళ్లతీగ — అన్నింటికి అదే కూత. ఉల్కాన్వేషకుని దినములో అధికభాగము తుప్పుపట్టిన మేకులకే చెల్లిపోవును.

రాడారు పద్ధతి వేరు. అది నేలలోనికి రేడియో తరంగములను పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనివంటి దానిని గ్రహించి కాలమును లెక్కించును. పొడినేలలో ఆ తరంగము నానోసెకనుకు, అనగా సెకనులో వందకోట్లవ వంతుకు, సుమారు 10 సెంటీమీటర్లు పోవును. పోయి వచ్చుటకు 40 నానోసెకనులు పట్టినచో వస్తువు రెండు మీటర్ల లోతున నున్నదన్నమాట. యంత్రమును నేలమీద లాగుకొని పోవునపుడు వస్తువు దగ్గరయై మరల దూరమగును గనుక, చిత్రములో అది బోర్లించిన విల్లువలె కానవచ్చును. తడి బంకమట్టి మాత్రము తరంగమును మ్రింగివేయును. మన నల్లరేగడి చేలలో వానలు వెలిసిన పిదప ఈ యంత్రమును నడపినచో ఫలితము స్వల్పమే.

2006 అక్టోబరులో హ్యూస్టన్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు ఈ రాడారుతోనే అదే బ్రెన్‌హామ్ క్షేత్రమున ఒక ఉల్క ఉనికిని త్రవ్వకముందే చిత్రించుకొని, అటుపిమ్మట పురావస్తుశాఖవారు సమాధిని త్రవ్వునంత జాగ్రత్తగా మట్టిని తొలగించిరి. దొరికినది 70 కిలోలది. మునుపటివానితో పోల్చిన చిన్నదే. అయినను మా దృష్టిలో విలువైనది ఇదియే. ఏలయన, వారు రాతినిమాత్రమేగాక అది యే పొరలో, యే ప్రక్కకు ఒరిగి, యే మట్టిని తాకుచున్నదో గుర్తించిరి. ఆ పొరలనుబట్టి ఈ ఉల్కాపాతము 20,000 ఏండ్లనాటిదన్న పూర్వపు తలంపు సడలి, సుమారు 10,000 ఏండ్లనాటిదై యుండునని వారు చెప్పిరి.

ఉల్కలకు అంగడిలో మంచి ధర కలదు. కావున డిటెక్టరు కూసినదే తడవుగా పారతో పెళ్లగించి అమ్ముకొనువారును కలరు. అట్టివారు తీసిన రాయి చెడదు. దానిలోని నికెలెంతో ప్రయోగశాలలో ఎప్పుడైనను తెలిసికొనవచ్చును. కాని ఆ గోతిలోని పొరలు ఒక్కసారి కలిసిపోయినచో అది యెప్పుడు పడినదో చెప్పు సాక్ష్యము మరల దొరకదు. కింబర్లీ పొలములో నాగలి పెకలించిన తొలి రాళ్ల విషయమున జరిగినది అదియే. ఆ తప్పు ఆమెది కాదు. అప్పటికి ఆ పొరలను చదువువారే అచ్చటికి రాలేదు.