స్కానింగ్‌లో ఏమీ లేదంటే బాధ లేనట్టేనా?

“స్కానింగ్ తీయించాం కదమ్మా, అన్నీ నార్మలే, ఇంక నీకేం లేదు” అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తే మనసు ఎలా ఉంటుందో మనకే తెలుసు. నెలల తరబడి నిద్ర పట్టదు, నోటికి ఏదీ సహించదు, ఎవరేమన్నా కళ్ల నిండా నీళ్లే. రిపోర్టులో మాత్రం ఏమీ లేదు. గోరంతను కొండంత చేసుకుంటున్నానేమో అని మన మీద మనకే అనుమానం. పైగా ఫోను తెరిస్తే ఎర్రగా, పసుప్పచ్చగా వెలిగే మెదడు బొమ్మలు, ఇదిగో భయం, ఇదిగో ప్రేమ అంటూ. అందరి భయమూ కనిపించిన మిషన్‌కి మన దిగులొక్కటే కనిపించలేదా? ముందు ఆ టీ తాగు, చెబుతాను.

ఆ రెండూ ఒకే స్కానింగ్ కాదు చెల్లీ. ఆసుపత్రిలో మామూలుగా మనకు తీసే ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూస్తుంది. కణితి ఉందా, ఎక్కడైనా రక్తస్రావం అయిందా అన్నది చూడ్డంలో అది గట్టిది. నార్మల్ అన్నారంటే ఆ భయాలు లేవని, సంతోషం. దిగులును పట్టుకోవడం దాని పనే కాదు.

రంగుల బొమ్మలు ఫంక్షనల్ ఎమ్మారైవి. మనసు గురించి పరిశోధించేవాళ్లు ఎక్కువగా వాడేది దాన్నే. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. రక్తంలో ఆక్సిజన్ తేడాను ఎమ్మారైతో పట్టుకోవచ్చని 1990లో సెయిజీ ఒగావా బృందం చూపించింది. అంటే యంత్రానికి అందేది మన భయం కాదు, దాని వెనకాల వచ్చే రక్తం జాడ. అదీ ఐదారు సెకన్లు ఆలస్యంగా. ఆ ఐదారు సెకన్లలో మనకు ఎన్ని ఆలోచనలు వచ్చిపోతాయో నువ్వే చెప్పు.

ఆ స్కానర్‌లో చేసే ఒక పరీక్ష ఎలా ఉంటుందంటే, తల కదలకుండా మెత్తలు పెట్టి సొరంగంలాంటి దాన్లోకి పంపిస్తారు. చెవుల్లో దడదడమని ఒకటే మోత. ఎదురుగా పైన ఒక ముఖం, కింద రెండు ముఖాలు, కోపంతోనో భయంతోనో ఉన్నవి. పైదానితో ఏది కలుస్తుందో చూసి బటన్ నొక్కాలి. మధ్యమధ్యలో ముఖాలకు బదులు గుండ్రాలూ కోలగా ఉన్న ఆకారాలూ చూపిస్తారు. ముఖాలు చూసినప్పుడు అమిగ్డాలా అనే చిన్న భాగంలో సంకేతం పెరుగుతుంది. పదిమందిని కలిపి సగటు తీస్తే ఈ ఫలితం నిలకడగానే వస్తుంది.

చిక్కంతా ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి. నీ అమిగ్డాలా ఎక్కువ స్పందించింది కాబట్టి నీకు ఆందోళన ఎక్కువ అనగలమా? అనాలంటే కొన్నాళ్లకు మళ్లీ తీసినా అదే రావాలి కదా. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మాక్స్‌వెల్ ఇలియట్, అహ్మద్ హరీరి, మరికొందరు 2020లో సరిగ్గా ఇదే చూశారు. అంతకుముందు జరిగిన 90 ప్రయోగాల లెక్కలు, 1,008 మందివి, ఒక్కచోట చేర్చారు. ఎవరిలో స్పందన ఎక్కువ, ఎవరిలో తక్కువ అన్న వరస రెండోసారీ అచ్చం అలాగే వస్తే 1, పొంతనే లేకపోతే 0. వచ్చింది 0.4కు కాస్త తక్కువ. ఒక మనిషి మనసు గురించి తీర్పు చెప్పడానికి అది చాలదు. ముఖాల పరీక్షను ఎన్నో ఏళ్లు వాడిన శాస్త్రవేత్తే హరీరి. తన పనినే తిరిగి తూచి, నిజం బయటపెట్టిన ఆ నిజాయితీకి నాకు నిజంగా గౌరవం.

ఎందుకలా అంటావా? ఆ పరీక్షలను తయారుచేసిందే అందరిలోనూ ఒకేలాంటి స్పందన రప్పించడానికి. క్లాసులో అందరికీ వచ్చిన ప్రశ్నే ఇస్తే ఎవరు బాగా చదివారో ఎలా తెలుస్తుంది? ఇదీ అంతే.

ఇంకోటి చెప్పాలి. 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిపోయిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, వీళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు. లెక్కలు సరిచేయకముందు ఆ చేప మెదడులో కూడా చుక్కలు వెలిగాయి! మెదడును వేలకు వేల గడులుగా విడగొట్టి చూస్తాం కాబట్టి ఏదో ఒక గడి ఊరికే వెలుగుతుంది. లెక్క సరిచేశాక ఆ చుక్కలు మాయం. అందరూ ఆ జాగ్రత్త తీసుకోవాలని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. అందుకని ఫోనులో కనిపించే ప్రతి రంగు చుక్కకీ మనం బెంగ పెట్టుకోనక్కర్లేదు. పైగా అమిగ్డాలా భయానికే కాదు, నవ్వుముఖాలకూ, కొత్తగా కనిపించినదానికీ స్పందిస్తుంది.

మరి మనం ఏం చేయాలి? డిప్రెషన్‌ను తేల్చే మెదడు బొమ్మ ఇవాళ్టికి లేదు కాబట్టి, ‘మీ మనసును స్కాన్ చేస్తాం’ అనేవాళ్లకు డబ్బు పోయకు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లు. నిద్ర, ఆకలి, అలసట, దిగులు గురించి ఆయన అడుగుతారు. దాచుకోకుండా చెప్పు. వెళ్లేముందు రెండు వారాల పాటు ఎన్నింటికి నిద్రపట్టింది, ఏం తిన్నావు, ఎప్పుడు ఏడుపొచ్చింది, నెలసరి ఎప్పుడు అన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు అవసరమా అని కూడా అడుగు. వాటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి. ఇంట్లో మీ ఆయన్నీ అత్తయ్యగారినీ కూర్చోబెట్టి, “ఆ స్కానింగ్ కణితి లేదని చెప్పింది, బాధ లేదని చెప్పలేదు” అని నెమ్మదిగా చెప్పు. వింటారు.

ఇంట్లో చెప్పడానికి నోరు రాకపోతే టెలి మానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, రేపటిదాకా ఆగకు తల్లీ, అప్పుడే ఫోన్ చెయ్యి.