ఎవరికి ఏం దక్కాలి: ఓ లక్డీకాపూల్ వకీలు పాఠాలు

నాంపల్లి క్రిమినల్ కోర్టులకు నడిచివెళ్లేంత దూరంలో, లక్డీకాపూల్‌లో చాలా ఏళ్లు ఆఫీసు నడిపాను. కొత్తగా చేరిన జూనియర్లకు ఇవి చెబుతుంటాను.

1. కక్షిదారు కూర్చోగానే సెక్షన్లు తీయకు. "ఏం జరిగితే మీ మనసు కుదుటపడుతుందమ్మా?" అని అడుగు. ఒకే బెంచీ మీద ఇద్దరు ఆడపడుచులు కూర్చుంటారు. హిందూ ఇంటి ఆడబిడ్డకు పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా 2005 నుంచి దేశమంతటా హక్కు. పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రంలో ఆ హక్కు 1985 నుంచే ఉంది. పక్కనున్న ముస్లిం ఆడబిడ్డకు కొడుకు వాటాలో సగం వస్తుంది; ఇంటి పోషణ భారం మగవాడిదే కదా అంటారు వాళ్ల పెద్దలు. చాలాసార్లు ఇద్దరూ పుట్టింటి రాకపోకలు తెగకూడదని వాటా వదిలేస్తామంటారు. వదులుకోనీ. కానీ ఏం వదులుకుంటున్నారో రూపాయల్లో లెక్కగట్టి చెప్పిన తర్వాతే.

2. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లిన ఐదుగురు, నేపాలీ కాపలాదారు హత్య కేసులో జైలుపాలయ్యారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించారు. మృతుడి కుటుంబం పరిహారం తీసుకుని క్షమిస్తే అక్కడి చట్టంలో శిక్ష తగ్గే వీలుంది కాబట్టి, వాళ్లు క్షమాపత్రం మీద సంతకం చేశారు. అయినా ఆ ఐదుగురు ఇళ్లకు చేరేసరికి 2024 వచ్చింది, 18 ఏళ్లు గడిచాయి.

"ప్రాణానికి వెల కడతారా సార్?" అని జూనియర్లు ముఖం చిట్లిస్తారు. మన చట్టంలో హత్య కేసుకు రాజీ లేదు. కుటుంబం క్షమించినా ప్రభుత్వం కేసు నడుపుతుంది. అది సబబే, లేకపోతే డబ్బున్నవాడు ఎవరినైనా చంపి బయటపడతాడు. కానీ దోషికి శిక్ష పడ్డ రోజున హతుడి భార్య ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది మన కోర్టులు చాలాకాలం అడగనే లేదు. బాధితుల పరిహార పథకానికి వీలు కల్పించిన పాత సీఆర్‌పీసీ 357-ఏ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2009 చివర్లో. పరిహారం కోసం దరఖాస్తు పెట్టడం మరచిపోకు.

3. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర 'దిశ' హత్యాచార కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపితే జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, వాయిదాల మీద వాయిదాలు చూసి విసిగిన కోపం అది. అయినా నేను ఒప్పుకోను. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో పోలీసుల కథనం నమ్మశక్యం కాదంది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. విచారణే జరగనప్పుడు ఎవరికి ఏ శాస్తి తగునో ఎవరు తేల్చారు?

4. ఊళ్లో పెద్దమనుషులు రాజీ కుదిర్చారని వస్తే, బలహీనుల తరఫు మనిషిని విడిగా కూర్చోబెట్టి అడుగు. ఆ రాజీ లోక్ అదాలత్‌లో అవార్డుగా మారితే దానిమీద అప్పీలు ఉండదు. సంతకానికి ముందే అడుగు.