పొగ మానవలెనను సంకల్పము

లింగధారణ చేసిన దేహము శివునకు ఆలయమని మన పెద్దలు చెప్పుదురు. 12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు ధర్మబోధ చేయునాటికి పొగాకు మన దేశమున లేదు. కొన్ని శతాబ్దముల పిదప పోర్చుగీసువారి మూలమున వచ్చినది. కావున పొగను గూర్చిన నిషేధమును శరణుల వాక్కులలో వెదకనక్కరలేదు. ఆలయమును పొగతో నింపవచ్చునా యని యోచించిన చాలును.

మన నెల్లూరు సీమలో ఈ యోచన అంత సులభము కాదు. కలిగిరి, డి.సి.పల్లి వేలము కేంద్రములకు పొగాకు చేర్చి బ్రతుకు కుటుంబములు గలవు. సముద్రతీర గ్రామములందు పెద్దల చేత బీడీయో చుట్టయో చూచుచు పెరుగు బాలురును గలరు. 2019లో దేశవ్యాప్తముగా జరిగిన సర్వేలో 13–15 ఏండ్ల విద్యార్థులలో 8.5 శాతము ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. బీడీ రుచి చూచినవారిలో సగమునకు కొంచెము తక్కువ మంది పదేండ్లు నిండకమునుపే మొదలిడిరి.

అట్టి బాలునకు మానవలెనను తలంపు ఎట్లు కలుగును? ఎన్నడో వచ్చు క్యాన్సరు భయము వానిని అంతగా కదలింపదు. ఆటలో కలుగు ఆయాసము, నోటి దుర్వాసన, చేతి డబ్బు వ్యయమగుట వానికి దగ్గరి కారణములు. స్నేహితులందరు త్రాగువారైన సంకల్పము సడలును. “ఎప్పుడు కావలసిన అప్పుడు మానగలను” అను నమ్మిక వానిని మోసగించును. నికోటిను అంతకు ముందే వానిని పట్టియుండును. అన్నిటికంటె బలమైనది ఇంటి నడవడి. తండ్రి త్రాగుచు కుమారుని వలదనిన, ఆ మాట వాని చెవికెక్కదు. తండ్రి తాను మానిన, కుమారునకు మానుట సాధ్యమని తోచును.

కావున తలిదండ్రులారా! బీడీకై పిల్లలను అంగడికి పంపకుడు. 2003 నాటి చట్టము 18 ఏండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదనుచున్నది. విద్యాలయమునకు 100 గజములలోపల ఎవరికిని అమ్మరాదు. బాలుడు మానినపుడు తొలిదినములలో చిరాకు, నిద్రలేమి కలుగును. రెండు మూడు వారములలో అవి చాలవరకు తగ్గును. దానిని అవిధేయతగా నెంచి దండింపకుడు. 1800-11-2356 అను ఉచిత ఫోను సంఖ్యకు తెలిపిన సలహా లభించును.

మఠములయందు గురువులు దీక్ష నొసగునపుడు ఈ సంగతిని కుమారునితోపాటు తండ్రిని గూడ అడుగుట మేలు. సదాచారము మన పంచాచారములలో నొకటి. ఇష్టలింగమును పూజించు చేతితో బీడీ ముట్టనని తండ్రి కుమారులిరువురును ఒకేనాడు సంకల్పింతురుగాక!