చలి ఉండగానే చక్కబెట్టుకో

గురజాల,
మార్గశిర మాసం.

చిరంజీవి అబ్బాయికి,

రెంటచింతల దగ్గర రెండెకరాలు కొన్నావని, శనివారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి ఆదివారమంతా చేలోనే గడుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన కుటుంబంలో నీ ఈడు పిల్లలు పొలాలు అమ్మడమే చూశాను. కొన్నవాడివి నువ్వొక్కడివే. నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ చలికాలంలో అక్కడ ఏ పనులు పెట్టుకోవాలో పెద్దమ్మను అడిగి రాయించమన్నావట. నాకు తెలిసినంత రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మన పల్నాడులో చలి కార్తీకంలో మొదలై సంక్రాంతి దాటేదాకా ఉంటుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదిలేసరికి మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. ఇక వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల వరసలో రెంటచింతల పేరు రాని ఏడాది అరుదు. అక్కడ 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. కాబట్టి ఇప్పుడు నువ్వు పెట్టుకునే ప్రతి పనీ ఆ ఎండను తలుచుకుని పెట్టుకో. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. మన ప్రాంతంలో ఒళ్లు వంచి పని చేయడానికి వీలున్న రోజులు ఇవే.

పశువుల కొట్టం వేయిస్తానన్నావు కదా, దాని సంగతి మొదట చెబుతాను. కొట్టం పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి నడుస్తుంది కనుక దక్షిణం వైపు తెరిచి ఉంచితే ఎండ లోపలికి వచ్చి నేల ఆరిపోతుంది, పశువుకు వెచ్చగా ఉంటుంది. వేసవిలో పొద్దు నడినెత్తిన ఉంటుంది, అప్పుడు ఎండంతా కప్పు మీదే పడుతుంది, లోపల నీడ చెదరదు. ఉత్తరం వైపు మాత్రం ఇప్పటి చలిగాలి కొట్టకుండా గోనెపట్టాలతో మూసి, మాఘం వెళ్లగానే తీసెయ్యి. కింద మాచర్ల నాపరాళ్లు పరిపించు. నున్నటి రాళ్లు చవకగా వస్తున్నాయని తీసుకోకు, గేదె కాలు జారితే నడుం పడిపోతుంది. గరుకు వైపు పైకి వచ్చేలా పరిపించి, గజానికి అంగుళం చొప్పున కాలువ వైపు వాలు ఇప్పించు. మూత్రం నిలవకపోతే గిట్టలూ బాగుంటాయి, పొదుగువాపూ తగ్గుతుంది.

కప్పుకు రేకులు వేస్తే గోడలతో పాటు వాటి పైనా సున్నం కొట్టించడం మరిచిపోకు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు మనకు పక్కనే ఉన్నాయి, డబ్బాల రంగుల జోలికి పోనక్కర్లేదు. కాల్చిన సున్నపు రాయిని ఎలా నానబెట్టాలో నేర్చుకో. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, తరువాత రాళ్లు కొద్దికొద్దిగా వెయ్యాలి. రాళ్ల మీద నీళ్లు కుమ్మరిస్తే భగ్గున పొంగి ముఖాన చిందుతుంది. నీళ్లు వాటంతటవే కుతకుత ఉడుకుతాయి కనుక ప్లాస్టిక్ తొట్టి పనికిరాదు. కళ్లకు అద్దాలు పెట్టుకుని, పొడుగాటి కర్రతో దూరం నుంచి కలుపు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకు, సున్నం పడిన కన్ను తిరిగి రావడం కష్టం. ఒకవేళ పడితే ఆలోచించకుండా మంచినీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రాత్రంతా నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టి, కాస్త బంక కలిపి, గోడ తడిపి పల్చగా రెండు మూడు పూతలు వెయ్యి. చలి రోజుల్లో పూత నిదానంగా ఆరుతుంది, అలా ఆరిన సున్నమే గోడను గట్టిగా పట్టుకుంటుంది. ఎండాకాలంలో వేసింది చేతికి అంటుకుని రాలిపోతుంది. గోడలకు సంక్రాంతి లోపల, రేకులకు శివరాత్రి లోపల ఆ పని ముగించు.

దడికి ఈ ఏడు కంది కట్టె చాలు. కంది కోత సంక్రాంతి అటూ ఇటూగా అవుతుంది, నూర్చిన తరువాత కట్టెను పొయ్యికి పెట్టకుండా ఎవరైనా ఇస్తే తీసుకో. నిలువుగా పాతి, అడ్డంగా రెండు వరసలు కట్టి అల్లితే మేకలు దూరవు. అది ఒకటి రెండేళ్లకు చెదలు పట్టిపోతుంది కనుక, ఈలోగా గట్టు వెంట గుంటలు తీసి ఉంచి తొలకరిలో వావిలి, గోరింట నాటు. వావిలిని మేకలు ముట్టవు. పత్తి కట్టె ఎవరిచ్చినా చేలో కుప్ప వేయనివ్వకు. అందులో గులాబీ రంగు పురుగు దాక్కుని మరుసటి పంట మీదికి వస్తుంది.

పంట సంగతి. 1955లో నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ వచ్చాకనే మన చేలు వరి, మిర్చి చూశాయి. అంతకు ముందు జొన్న, కంది, వరిగలే మన అన్నం. పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుడు చాటువులు చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వారానికి ఒక్క రోజు వచ్చే నీలాంటి వాడికి ఆ పాత పంటలే మేలు. నల్లరేగడిలో కార్తీకంలో శనగ వేస్తే నేలలోని చెమ్మతో, రాత్రి మంచుతో మూడు నెలల్లో చేతికొస్తుంది. మిర్చి జోలికి మాత్రం వెళ్లకు నాయనా. అది సరదాకు వేసే పంట కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా నాకేసిన సంగతి పల్నాడులో ఏ రైతునడిగినా చెబుతాడు. రోజూ చేలో ఉండి ఆకు తిప్పి చూసేవాళ్లకే దిక్కు తోచలేదు. ఇంటికి కావలసిన పది మొక్కలు పెరట్లో పెట్టుకో, అంతే.

పెరట్లో చిక్కుడు పందిరి మాత్రం తప్పకుండా ఉండాలి. పొద్దు కురచవుతున్న కొద్దీ అది పూత పడుతుంది. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి సూర్యుడికి పెడతాం కదా, ఆనాటికి పందిరి నిండా కాయ ఉంటుంది. పందిరి మొదట్లో వేసిన బంతి ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు పనికొస్తుంది. గొబ్బి పిడకలు ఆరబెట్టి దండ గుచ్చి భోగిమంటలో వేసుకో. పాత టైర్లు, ప్లాస్టిక్ అందులో వేయకు. గడ్డివాముకు దూరంగా, గాలి చూసి మంట వెయ్యి.

గేదెను కొంటానన్నావట. తొందరపడకు. గేదె ఎక్కువగా ఈ చలి నెలల్లోనే ఎదకు వస్తుంది, అదీ మూగ ఎద. తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకనో కనిపిస్తుంది, ఆ వేళకు చూసే మనిషి లేకపోతే ఇరవై ఒక్క రోజులు ఆగాలి. పది నెలలు మోసి ఈనే పశువు దగ్గర ఆదివారం కాపురం కుదరదు. ముందు నాటుకోళ్లతో మొదలుపెట్టు. పొదిగే పెట్టను ఎలుక చొరని చోట గంప కింద పెడితే ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగుతాయి. పశువుల ఆసుపత్రికి వెళ్లి కొక్కెర తెగులు టీకా వేయించు, అది లేకపోతే ఒక్క వారంలో గంప ఖాళీ అవుతుంది.

ప్రాణం మీదికి తెచ్చే రెండు విషయాలు చెబుతాను. చలి అని తలుపులు మూసుకుని గదిలో కుంపటి పెట్టుకోకు. బొగ్గు పొగ కంటికి కనపడదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. రెండోది, నాపరాళ్ల దొంతర, గడ్డివాము, కట్టెల మోపు పాములకు ఇష్టమైన చోట్లు. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించు, చీకటి పడితే టార్చి, కాళ్లకు బూట్లు ఉండాలి. కాటు పడితే మంత్రాలూ ఆకుపసర్లూ అని ఆగకుండా గవర్నమెంట్ ఆసుపత్రికే వెళ్లాలి. విరుగుడు ఇంజెక్షను అక్కడుంటుంది.

చివరగా రాస్తున్నా, నువ్వు చెయ్యవలసింది మాత్రం మొదట. నీకూ నీ స్నేహితులకూ బాల్కనీతో గది కడదామనుకుంటున్నావని విన్నాను. అది ఆపు. నువ్వు బస్సెక్కి వెళ్లిపోయిన ఆరు రోజులూ అక్కడుండి మోటారు వేసి, కోళ్లను మూసి, దడి చూసే మొగుడూ పెళ్లాలకు ముందు గది కట్టు. రేకుల కింద వాళ్లను పడుకోబెట్టి నువ్వు స్లాబు కింద పడుకుంటే ఆ పొలం నీకు కలిసిరాదు. నాపరాయి గోడ, లోపలా బయటా సున్నం, ఆడమనిషికి తలుపున్న బాత్రూము, వేసవిలో కాలువ కట్టేసినా నాలుగు రోజులకు సరిపడే నీళ్ల తొట్టి ఉండేలా కట్టించు. జీతం ఒకటో తారీఖున ఫోనులో పడాలి, పండక్కి బట్టలు నీ చేత్తో ఇవ్వాలి. వాళ్ల పిల్లలు బడికి వెళుతున్నారో లేదో కనుక్కో. మనిషి నిలిస్తేనే పొలం నిలుస్తుంది.

పుష్యమాసం వస్తే పునాది వేయరు. అందుకే ఈ ఆదివారమే మేస్త్రిని పిలిచి వాళ్ల గదికి ముగ్గు పోయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ.